నీటి మీద గీత: దేశాల తగువులు అంతర్జాతీయ కోర్టు దాకా ఎప్పుడు వెళ్తాయి, ఎక్కడ ఆగిపోతాయి

2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన పడవలను పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వాటిలో పనిచేస్తున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు కరాచీ జైలుకు చేరారు. వారిలో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం తీరపల్లెలవాళ్లు, విజయనగరం జిల్లావాళ్లు ఎక్కువ. 2020 జనవరి 6న ఇరవైమంది వాఘా గేటు దాటి ఇవతలికి వచ్చారు. అప్పటికి దాదాపు పద్నాలుగు నెలలు గడిచాయి.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ తీరపల్లెల్లో ఒక ప్రశ్న పుడుతుంది. దేశాల తగువులు తీర్చడానికి అంతర్జాతీయ కోర్టు ఉంది కదా, అక్కడ కేసు వేస్తే పోదా? అడగాల్సిన ప్రశ్నే ఇది. జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేం. ఏ కోర్టు, ఎవరు వేయాలి, అవతలివాడు రానంటే ఏమవుతుంది అన్నవి ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవాలి.

కొఠియా తగువుకు కోర్టు ఉంది, కరాచీ తగువుకు?

పొరుగువాళ్లతో సరిహద్దు తగువు మనకు కొత్త కాదు. సాలూరు ఎగువన ఉన్న కొఠియా గ్రామాలు ఎవరివన్న విషయంలో ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టులో దావా వేసింది. రాష్ట్రాల మధ్య వివాదాలను రాజ్యాంగం 131వ అధికరణం నేరుగా సుప్రీంకోర్టుకే అప్పగించింది. నదీజలాలకైతే 1956 చట్టం కింద ట్రైబ్యునల్ కూర్చుంటుంది. వంశధార మీద ఒడిశా ఫిర్యాదుతో 2010లో అలాంటి ట్రైబ్యునలే ఏర్పడింది. 2017 సెప్టెంబరులో నేరడి బ్యారేజీకి అనుమతిస్తూ అది తుది నిర్ణయం ఇచ్చింది.

ఈ రెండు తగువులూ పూర్తిగా చల్లారాయని కాదు. అయితే రెండింటిలోనూ ప్రతివాది రాష్ట్రానికి 'నాకిష్టం లేదు, నేను రాను' అనే వీలు లేదు. నోటీసు వచ్చిందంటే వకీలును పంపాల్సిందే.

దేశాల మీద అలాంటి రాజ్యాంగం ఏదీ లేదు. ప్రపంచంలో ఏ కోర్టూ ఒక దేశాన్ని దాని సమ్మతి లేకుండా బోనులో నిలబెట్టలేదు. ఆ మేరకు ఇది ఊళ్లో పెద్దమనుషుల తగువు లాంటిది. ఇద్దరూ వచ్చి కూర్చుంటేనే మాట సాగుతుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఆ సమ్మతి ఈ రోజు ఇవ్వాల్సిన పని లేదు. నలభై యాభై ఏళ్ల కిందట వేరే సందర్భంలో సంతకం పెట్టిన ఒప్పందంలో ఒక వాక్యంగా ఉన్నా చాలు, దాన్ని పట్టుకుని ఇవాళ కోర్టుకు లాగవచ్చు. అంతర్జాతీయ కేసుల్లో సగం యుద్ధం ఆ ఒక్క వాక్యం మీదే జరుగుతుంది.

దగ్గరి పేర్లు, వేర్వేరు పనులు

వార్తల్లో అన్నింటినీ 'అంతర్జాతీయ కోర్టు' అనే రాస్తారు. చదివేవాళ్లకు చిక్కు అక్కడే మొదలవుతుంది.

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్నది అంతర్జాతీయ న్యాయస్థానం, పొట్టిగా ఐసీజే. ఐక్యరాజ్యసమితికి ఇదే ప్రధాన న్యాయ విభాగం, 1946లో పని మొదలుపెట్టింది. జడ్జీలు 15 మంది, పదవీకాలం తొమ్మిదేళ్లు. సర్వప్రతినిధి సభ, భద్రతామండలి విడివిడిగా ఓటేసి ఎన్నుకుంటాయి. ఇక్కడ వాది, ప్రతివాది ఇద్దరూ దేశాలే అయి ఉండాలి. మనిషి, కంపెనీ, సంఘం, రాష్ట్ర ప్రభుత్వం ఎవరూ కేసు వేయలేరు. కరాచీ జైల్లో ఉన్న మత్స్యకారుడి భార్య ఎంత న్యాయమైన అర్జీ రాసినా ఆ గుమ్మం దాటదు. ఆమె తరఫున భారత ప్రభుత్వమే వాది కావాలి.

అదే ఊళ్లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కూడా ఉంది. అది దేశాలను విచారించదు. యుద్ధనేరాలు, మారణహోమం వంటి ఆరోపణలున్న మనుషులను విచారిస్తుంది. 2002 నుంచి నడుస్తున్న ఈ కోర్టులో భారత్ సభ్యదేశం కాదు.

ఐసీజే ఉన్న శాంతి భవనంలోనే శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా ఉంటుంది. దాని పుట్టుక 1899 నాటిది. పేరులో న్యాయస్థానం ఉన్నా రోజూ బెంచి మీద కూర్చునే జడ్జీలు ఉండరు. తగువును బట్టి ఇరుపక్షాలూ మధ్యవర్తులను ఎంచుకుంటాయి, ఈ సంస్థ కార్యాలయంగా నిలబడి కేసు నడిపిస్తుంది. జడ్జీల జీతం సహా ఐసీజే ఖర్చు ఐరాస బడ్జెట్‌లోంచి వస్తుంది. మధ్యవర్తిత్వంలో అయితే సాధారణంగా మధ్యవర్తుల ఫీజును కూడా దేశాలే చెరిసగం భరించాలి.

నాలుగోది మన తీరానికి దగ్గరి సంబంధం ఉన్నది. జర్మనీలోని హాంబర్గ్‌లో, 21 మంది జడ్జీలతో, 1996లో మొదలైన అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్. 1999 నుంచి 2002 వరకు దాని అధ్యక్షుడు తెలుగువారే, పాటిబండ్ల చంద్రశేఖరరావు. మన బడి పుస్తకాల్లో ఆ పేరు ఉండాల్సింది.

సమ్మతి అనే తాళం: రెండు కేసులు పక్కపక్కన

ఐసీజే తలుపు ముఖ్యంగా మూడు రకాలుగా తెరుచుకుంటుంది. తగువు పుట్టాక ఇద్దరూ కలిసి రాసుకునే ప్రత్యేక ఒప్పందం ఒకటి. ఏదైనా పాత ఒప్పందంలో 'దీనిపై వివాదం వస్తే ఐసీజేకు వెళ్దాం' అనే షరతు ఉండటం రెండోది. 'నా మీద ఎవరైనా కేసు వేయవచ్చు' అని ముందుగానే ప్రకటన ఇచ్చి ఉంచడం మూడోది. భారత్ 1974లో అలాంటి ప్రకటన ఇచ్చింది, 2019లో దాన్ని సవరించింది. అయితే దానికి పెద్ద మినహాయింపుల జాబితా తగిలించింది. కామన్వెల్త్ దేశాలతో వివాదాలు వద్దు, సాయుధ ఘర్షణలకు సంబంధించినవి వద్దు, ఇలా.

ఆ జాబితా ఎంత గట్టిగా పనిచేస్తుందో 1999లో తేలింది. ఆ ఆగస్టు 10న కచ్ ప్రాంతంలో భారత వాయుసేన పాకిస్తాన్ నౌకాదళానికి చెందిన అట్లాంటిక్ విమానాన్ని కూల్చింది, అందులోని 16 మంది చనిపోయారు. సెప్టెంబరులో పాకిస్తాన్ ఐసీజేకు వెళ్లింది. విమానం ఎవరి గగనతలంలో ఉందన్న అసలు విషయానికి కోర్టు పోనేలేదు. పాకిస్తాన్ కామన్వెల్త్ దేశం, కామన్వెల్త్ తగువులకు భారత్ సమ్మతి లేదు. 2000 జూన్ 21న 14–2 మెజారిటీతో 'మాకు విచారణాధికారం లేదు' అని కేసు మూసేసింది.

ఇప్పుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసు చూడండి. 2017 ఏప్రిల్‌లో పాకిస్తాన్ సైనిక కోర్టు ఆయనకు మరణశిక్ష వేసింది. పై దారి భారత్‌కూ మూసుకుపోయినట్టే, ఎందుకంటే కామన్వెల్త్ మినహాయింపు రెండు వైపులా కోస్తుంది. అందుకని మన న్యాయవాదులు రెండో దారి వెతికారు. విదేశంలో అరెస్టయిన పౌరుడిని కలిసే హక్కు అతని దేశ దౌత్యాధికారులకు ఉంటుందని 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతుంది. ఆ ఒప్పందంపై వివాదం వస్తే ఐసీజేకు వెళ్దామని చెప్పే అనుబంధ పత్రం మీద రెండు దేశాల సంతకాలూ ఉన్నాయి. ఆ ఒక్క పత్రంతో తలుపు తెరుచుకుంది.

అయితే ఏ తాళంతో తలుపు తీశారో ఆ గదిలోని సంగతులే కోర్టు మాట్లాడుతుంది. జాదవ్ గూఢచారా కాదా అన్నది ఐసీజే తేల్చలేదు. విడుదల చేయమని భారత్ అడిగితే ఒప్పుకోలేదు. దౌత్యాధికారులను కలవనివ్వకపోవడం ఒప్పంద ఉల్లంఘనే, శిక్షను సమర్థంగా పునఃసమీక్షించాలి, అప్పటిదాకా ఉరి ఆపాలి అని 2019 జులై 17న చెప్పింది. కీలక అంశాల మీద 15–1. ఆ ఒక్కరు, పాకిస్తాన్ తరఫున ఆ కేసుకే ప్రత్యేకంగా కూర్చున్న అడ్‌హాక్ జడ్జి. 'భారత్ గెలిచింది కదా, మరి మనిషి ఇంకా జైల్లో ఎందుకున్నాడు' అనే ప్రశ్నకు జవాబు ఇదే. భారత్ గెలిచింది దౌత్యహక్కుల కేసు.

కాలం ఎక్కడ పోతుంది

జాదవ్ కేసులో భారత్ దరఖాస్తు ఇచ్చింది 2017 మే 8న. పదిరోజులకే, మే 18న, ఉరి ఆపమని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. తుది తీర్పుకు మాత్రం రెండేళ్ల రెండు నెలలు పట్టింది, అది వేగంగా నడిచిన కేసుల్లో ఒకటి. ముందు వాది రాతపూర్వక వాదన వేస్తుంది, దానికి ప్రతివాది జవాబు ఇస్తుంది. ఒక్కో దానికి నెలల తరబడి గడువు. మధ్యలో ప్రతివాది 'అసలు మీకు అధికారమే లేదు' అని అభ్యంతరం వేస్తే అసలు విషయం పక్కకు జరిగి ముందు అది తేలాలి. సంవత్సరాలు తినేది ఎక్కువగా ఆ దశే. తీర్పు వచ్చాక అప్పీలు లేదు. నిర్ణయాన్ని మార్చగల కొత్త వాస్తవం బయటపడితే, అది తెలిసిన ఆరు నెలల్లోపు, తీర్పు నాటి నుంచి పదేళ్లు దాటకుండా, పునఃపరిశీలన అడగవచ్చు. అంతే.

బంగాళాఖాతంలో గీత ఎలా పడింది

సముద్రం మీద ఏ దేశానికి ఎంత హక్కో చెప్పే ఐరాస సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత నీళ్లు. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే భావనపాడు ఒడ్డున నిలబడితే ఎదురుగా 370 కిలోమీటర్ల దాకా, ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడ చేపల మీదా ఖనిజాల మీదా హక్కు తీరదేశానిది, ఓడల రాకపోకలు అందరివీ. పక్కపక్క దేశాల మండలాలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు గీత కావాలి.

ఉపాయం సులువుగా కనిపిస్తుంది. రెండు తీరాలకూ సమదూరంలో ఉన్న బిందువులను కలుపుకుంటూ పోతే గీత వస్తుంది. చిక్కు తీరం వంపులో ఉంది. విజయనగరం పెద్ద చెరువు గట్టు లోపలికి వంగిన చోట మూడు ఇళ్లు వరుసగా ఉన్నాయనుకోండి. ప్రతి ఇంటికీ ముందున్న నీళ్లు అని సమదూర గీతలు గీస్తే, నడిమి ఇంటి రెండు పక్కల గీతలూ కొంతదూరం పోయాక దగ్గరవుతాయి, ఒకదాన్నొకటి కోసుకుంటాయి. నడిమి ఇంటికి ముక్కోణపు చిన్న ముక్క మిగులుతుంది, చెరువు నడుమ నీళ్లు దానికి అందవు. భారత్‌కూ మయన్మార్‌కూ మధ్య వంపులో ఉన్న బంగ్లాదేశ్ పరిస్థితి అచ్చంగా ఇదే.

చర్చలు దశాబ్దాలు సాగాక 2009 అక్టోబరు 8న బంగ్లాదేశ్ ఇద్దరి మీదా సముద్ర చట్ట ఒప్పందం కింద కేసులు మొదలుపెట్టింది. ఆ ఒప్పందం ప్రత్యేకత ఇక్కడ ఉంది: దానిలో చేరడమంటే, కొన్ని మినహాయింపులు పోను, వివాదం వస్తే విచారణకు ముందే ఒప్పుకున్నట్టు. భారత్ 1995లో చేరింది కాబట్టి కాదనే వీలు లేకపోయింది. అయిదుగురు మధ్యవర్తులు కూర్చున్నారు, భారత్ తరఫున పెమ్మరాజు శ్రీనివాసరావు. 2013 అక్టోబరులో వాళ్లు స్వయంగా వచ్చి తీరం చూసి వెళ్లారు.

లెక్క మూడు మెట్లలో నడిచింది. మొదట తాత్కాలికంగా సమదూర గీత. తర్వాత, తీరం వంపు వల్ల బంగ్లాదేశ్‌కు దారి మూసుకుపోతోందని ఆ గీతను జరిపారు. చివరగా తూకం సరిచూశారు: లెక్కలోకి వచ్చిన తీరం పొడవు బంగ్లాదేశ్‌కు దాదాపు 418 కిలోమీటర్లు, భారత్‌కు దాదాపు 804, అంటే 1కి 1.92. సముద్రం పంపకం 1కి 2.81 వచ్చింది. ఇది మరీ ఘోరమైన తేడా కాదని తేల్చి 2014 జులై 7న అవార్డు, అంటే మధ్యవర్తుల తీర్పు, ఇచ్చారు. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 తమకు వచ్చాయని బంగ్లాదేశ్ ప్రకటించింది. గీతను అంతగా జరపడానికి కారణం చాలదని పెమ్మరాజు శ్రీనివాసరావు విభేదించారు. అయినా భారత ప్రభుత్వం అవార్డును ఒప్పుకుంది. తనకంటే ఎన్నో రెట్లు చిన్న దేశం గెలిచిన తీర్పును ఇంత ప్రశాంతంగా స్వీకరించడం మన దేశానికి గౌరవం తెచ్చిన పని.

ఈ అవార్డులో ఒక వింత మిగిలింది. గీతకు అటువైపు చిన్న ప్రాంతంలో అడుగు నేల బంగ్లాదేశ్‌ది, పైనున్న నీళ్లు భారత్‌వి. అక్కడ అడుగున గ్యాస్ దొరికితే వాళ్లది, పైన చేప పడితే మనది. రెండు దేశాలూ సర్దుకుని మసలుకోవాలని మాత్రమే మధ్యవర్తులు చెప్పారు.

కళాసీకి చట్టం ఇచ్చిన రక్షణ

పడమటి వైపు కథ వేరు. 1965లో కచ్ రణ్ మీద ఘర్షణ జరిగాక భారత్, పాకిస్తాన్ ముగ్గురు సభ్యుల ట్రైబ్యునల్‌కు ఒప్పుకున్నాయి. 1968 ఫిబ్రవరి 19న వచ్చిన అవార్డులో వివాద భూమి దాదాపు 90 శాతం భారత్‌కు దక్కింది. కానీ సర్ క్రీక్ అనే పాయ ఆ ట్రైబ్యునల్ ముందుకు రాలేదు. సుమారు 96 కిలోమీటర్ల ఆ పాయలో హద్దు తూర్పు ఒడ్డునా, నడుమనా అన్నది నేటికీ తేలలేదు. నేల మీద గీత ఎక్కడ ముగుస్తుందో తేలకపోతే సముద్రంలో గీత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మన కళాసీలు, అంటే బోట్ల మీద కూలికి పోయే మత్స్యకారులు, గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో వెళ్లి వల వేసేది ఆ సముద్రంలోనే.

సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం మత్స్యకారుడికి గట్టి రక్షణే ఇచ్చింది. ప్రత్యేక ఆర్థిక మండలిలో పరాయి పడవను పట్టుకుంటే, తగిన పూచీ కట్టగానే పడవనూ మనుషులనూ వెంటనే వదలాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలుశిక్ష వేయకూడదు. పడవ ఏ దేశానిదో ఆ దేశానికి వెంటనే కబురు పెట్టాలి. వదలకపోతే 292వ అధికరణం ఉంది: పట్టుకున్న పదిరోజుల్లో ఏ కోర్టుకు వెళ్లాలో కుదరకపోతే పడవ దేశం నేరుగా హాంబర్గ్ వెళ్లవచ్చు. పదిహేను రోజుల్లోపు విచారణ మొదలవ్వాలి, వాదనలు ముగిసిన పద్నాలుగు రోజుల్లోపు తీర్పు రావాలి. 2007లో జపాన్ పడవ హోషిన్‌మారు కోసం రష్యా 2.2 కోట్ల రూబుళ్ల పూచీ అడిగితే ట్రైబ్యునల్ దాన్ని కోటికి తగ్గించింది. అదే రోజు తోమిమారు అనే మరో పడవ కేసు మాత్రం వీగిపోయింది. అప్పటికే రష్యా కోర్టులు ఆ పడవను జప్తు చేసేశాయి, ఇక విడుదల చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆలస్యం చేస్తే ఈ దారి మూసుకుపోతుందన్నమాట.

మరి భారత్, పాకిస్తాన్ రెండూ ఈ ఒప్పందంలో ఉండి కూడా ఒకరి మీద ఒకరు 292 ఎందుకు వాడలేదు? మొదటి అడ్డు, ఈ రక్షణ ఆర్థిక మండలికే. 12 మైళ్ల లోపల పట్టుకున్నామని అంటే అక్కడ తీరదేశపు సొంత క్రిమినల్ చట్టం నడుస్తుంది. గీతే లేని చోట పడవ ఎవరి నీళ్లలో ఉందో రుజువు చేయడం కష్టం. రెండో అడ్డు, పాకిస్తాన్ మత్స్యకారులను మన కోస్ట్‌గార్డూ పట్టుకుంటుంది. మనం వేసిన వాదనే రేపు మన మీదికి వస్తుంది. మూడోది రాజకీయం. 1972 సిమ్లా ఒప్పందం నాటి నుంచి పాకిస్తాన్‌తో తగువులు ఇద్దరమే తేల్చుకుంటామన్నది మన విధానం. ఒక చిన్న కేసులోనైనా మూడోవాడిని పిలిస్తే, రేపు పెద్ద వాటికీ పిలవమంటారన్న జంకు ఉంది.

ఈ జంకులో అర్థం లేకపోలేదు. కానీ దాని ఖరీదు కడుతున్నది ఢిల్లీ కాదు, డి.మత్స్యలేశం, తిప్పలవలస లాంటి ఊళ్లు. మనుషుల విడుదలను హద్దు తగువు నుంచి విడదీసి చూడటానికే 292 పుట్టింది. ఆ అవకాశం కాగితం మీదే ఉండిపోవడం బాధాకరం.

తీర్పును ఎవరు అమలు చేస్తారు

ఐసీజేకు పోలీసు లేడు, అమీనా లేడు. తీర్పు పాటించకపోతే గెలిచిన దేశం ఐరాస చార్టరు 94వ అధికరణం కింద భద్రతామండలికి వెళ్లవచ్చు, కానీ అక్కడ వీటో ఉంది. 1986లో నికరాగ్వా అమెరికా మీద గెలిచి మండలికి వెళ్తే అమెరికానే వీటో చేసింది. 2016లో దక్షిణ చైనా సముద్రంపై ఫిలిప్పీన్స్ గెలిచిన అవార్డును చైనా గుర్తించనే లేదు. ఇవి చూసి ఈ కోర్టులు చిన్న దేశాల మీదే పనిచేస్తాయనేవాళ్లున్నారు.

రెండో వైపు కూడా బరువైనదే. బకాసీ ద్వీపకల్పం కామెరూన్‌దని 2002లో తీర్పు వస్తే, కామెరూన్ కంటే ఎంతో పెద్దదైన నైజీరియా 2006లో సైన్యాన్ని వెనక్కి పిలిచింది. బంగాళాఖాతం అవార్డు మన కళ్లముందే ఉంది. ఓడినా పేచీ ముగియడమే మేలనుకున్న చోట తీర్పులు నిలబడుతున్నాయి.

తీర్పు అమలై కూడా మనసుకు ఎక్కని సందర్భాలున్నాయి. 2012లో కేరళ తీరానికి దూరంగా ఇద్దరు మత్స్యకారులు ఇటలీ నౌకాసైనికుల కాల్పుల్లో చనిపోయారు. 2020లో మధ్యవర్తులు 3–2తో సైనికులను భారత్ విచారించజాలదన్నారు, నష్టపరిహారం ఇవ్వాలన్నారు. ఇటలీ పది కోట్ల రూపాయలు కట్టింది, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు మూసింది. పరిహారం అందింది, విచారణ మాత్రం మన గడ్డ మీద జరగలేదు.

కోర్టు లేకుండానే జరిగే పని

2020 జనవరిలో మనవాళ్లు వచ్చింది ఏ తీర్పుతోనూ కాదు. దాని వెనుక ఉన్నది 2008 మే 21న రెండు దేశాలు చేసుకున్న దౌత్య సంప్రదింపుల ఒప్పందం. అరెస్టు సంగతి వెంటనే తెలపాలి, మూడు నెలల్లోపు దౌత్యాధికారులను కలవనివ్వాలి, పౌరసత్వం ఖరారై శిక్షాకాలం పూర్తయిన నెలలోపు వదలాలి అని అందులో ఉంది.

నెలలు పోయేది ఆ 'పౌరసత్వం ఖరారు' దగ్గర. ఖైదీ చెప్పిన పేరు, తండ్రి పేరు, ఊరు ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్ రాసుకుని ఢిల్లీకి పంపుతుంది. అక్కడి నుంచి రాష్ట్రానికి, జిల్లాకు, స్టేషనుకు కాగితం దిగాలి, విచారించి మళ్లీ అదే దారిన ఎక్కాలి. బోటు రిజిస్ట్రేషను గుజరాత్‌లో, మనిషి రేషన్‌కార్డు శ్రీకాకుళంలో. ఇంటిపేరు ఉర్దూలోంచి ఇంగ్లిషులోకి, ఇంగ్లిషులోంచి తెలుగులోకి వచ్చేసరికి అక్షరాలు మారితే కాగితం వెనక్కి పోతుంది.

అదే ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు ప్రభుత్వాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటిలో మామూలు ఖైదీలది ఒక లెక్క, మత్స్యకారులది విడిగా ఇంకో లెక్క.